రెండు చవితులు

పదకొండేళ్ళ కిందట వైశాఖంలో ఒక రోజు చవితా, పంచమా అన్నది నాకు తెలియదు. తెలుసుకోవడానికి పెద్ద పని లేదు. బల్ల ఎక్కి అటక మీద చెయ్యి పెడితే చాలు. దేవుడి బొమ్మ ఉన్న కేలండరును నేను ఏనాడూ చెత్తలో వెయ్యలేదు. ఏడాది అయిపోగానే చుట్టచుట్టి, పురికొస కట్టి, అటక మీద పెడతాను. ఏటా ఉగాదికి ముందు అన్నీ దించి దుమ్ము తుడుస్తాను. ఆ ఏటి చుట్టను కూడా తుడుస్తాను. విప్పను.

మా మామగారు పోయేముందు చెరకు చేను ఇద్దరు కొడుకులకీ సగం సగం పంచారు. బోరు మాత్రం ఒక్కటే. ఆ నీళ్ళకి ఆయన పెట్టిన కట్టడి ఇది. బేసి తిథి పెద్దవాడిది, సరి తిథి చిన్నవాడిది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజంతా అదే. అమావాస్యకీ పున్నమికీ మోటారుకి సెలవు. పెద్దవాడు మా ఆయన రాములు. చిన్నవాడు చిన్నబాబు. అతని భార్య మరిడమ్మ నా తోటికోడలు. ఇంట్లో పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి తిథి చెప్పే పని నాది. పొద్దున్నే మా అత్త బుల్లమ్మ "భవానీ, నేడేటి తిథే?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. దాన్నిబట్టి ఎవరు మోటారు దగ్గరికి వెళ్ళాలో వాళ్ళు వెళ్ళేవారు.

ఆ రోజు పంచమి అని చెప్పాను. ముందు రోజు చవితి కాబట్టి అలా చెప్పాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, కేలండరు అవతలి గదిలో ఉంది. మరిడమ్మ వచ్చి, "అక్కా, నేడూ సవితే అన్నారు పంతులుగారు. ఈ పాలి రెండు సవితులంట" అంది. చదువు లేనిది నా తిథిని కాదంటుందా అని నాకు ఒళ్ళు మండింది. నీళ్ళు మా చేలోకే వెళ్ళాయి. వాళ్ళు చేను పక్కన పోసుకున్న వంగనారు ఆ ఎండకి ఒక్క పూటలో మాడిపోయింది. సాయంత్రం బోరు దగ్గర అది నన్ను పదిమందిలో దొంగ అంది. నేను నూకాలమ్మ పేరు పెట్టి, ఇక మీ ఇంటి నీళ్ళు నా గొంతులోకి దిగితే నా రెండు కళ్ళూ పోవాలి అన్నాను. ఇంటికి వచ్చి, ఇంకా ఏడు నెలలు మిగిలి ఉండగానే, ఆ కేలండరును చుట్టేశాను.

అమ్మవారి మీద ఒట్టు వేసే ముందు మనిషి గోడ కేసి ఒకసారి చూడాలి కదా? నేనెందుకు చూడలేదు?

తరువాత రెండు ఇళ్ళకీ మధ్య గోడ లేచింది. ఎవరి బోరు వాళ్ళు వేయించుకున్నారు. మా అత్త నెల ఇక్కడా, నెల అక్కడా ఉంటోంది.

ఈ ఏడు వైశాఖంలో వాళ్ళ బోరు ముందు బురద కక్కింది, తరువాత గాలి కక్కింది. మాది ఇంకా పోస్తూనే ఉంది. గట్టుకి ఇవతల మా చెరకు నిగనిగలాడుతుంటే, అవతల వాళ్ళ చెరకు ఆకులు కొరడాల్లా చుట్టుకుపోయాయి. ఇంకో పది రోజులు నీళ్ళు పడకపోతే ఈ ఏటికి వాళ్ళకు బెల్లం లేనట్టే. "అడిగితే ఇద్దుం" అనేవాడు మా ఆయన. "పిలిత్తే ఎల్దుం" అన్నాడట అవతల చిన్నబాబు. ఎవరూ అడగలేదు, ఎవరూ పిలవలేదు.

అప్పుడు వచ్చింది ఇందు. మరిడమ్మ కూతురు. హైవే పక్కన కొత్తగా కట్టిన వాటర్ రిసార్టులో రిసెప్షన్ ఉద్యోగం. ఆ పిల్ల మాత్రం రెండు గుమ్మాలూ తొక్కుతుంది.

"పెద్దమ్మా, స్టాఫ్ ఫ్యామిలీకి పాసులిచ్చేరు. ఆరు. ఒక పగలు, ఒక రాత్రి. మనం సరిగ్గా ఆరుగురం. పైన కప్పు, లోపల ఏసీ. అలలొస్తాయి, వాన పడుతుంది."

"ఊళ్ళో పడని వాన అక్కడ పడుద్దేటి?"

"మోటారు వాన పెద్దమ్మా."

"మీ అమ్మ వత్తే నాను రాను."

"అమ్మ కూడా సరిగ్గా ఇదే మాట అంది. ఒకళ్ళనొకళ్ళు చూసి రాసుకున్నారేటి?"

మంచం మీంచి మా అత్త లేచి కూర్చుంది. "ఇద్దరు కోడళ్ళూ ఎక్కితేనే నాను ఆటో ఎక్కుతాను. నేకపోతే రేపట్నుంచి ముద్ద ముట్టను. ఎనభై ఏళ్ళొచ్చేయి. ఇంటి లోపల వాన పడితే ఎలాగుంటాదో సూసి పోతాను."

మా అత్త ముద్ద ముట్టనంటే ముట్టదు. అది రెండు ఇళ్ళకీ తెలుసు.

పాసులు ఇందువి. అంటే అక్కడ తాగేవన్నీ వాళ్ళ ఇంటి నీళ్ళే అవుతాయా? ఎవరిని అడగాలో తెలియలేదు. రెండు లీటర్ల సీసాలో మా బోరు నీళ్ళు పట్టి సంచిలో అడుగున పెట్టుకున్నాను.

ఆటోలో మా అత్త మధ్యన కూర్చుంది. నేను ఒక పక్క, మరిడమ్మ ఒక పక్క. మగవాళ్ళిద్దరూ డ్రైవరుకి అటూ ఇటూ. ఇందు ముందే వెళ్ళిపోయింది. దారి పొడుగునా మాటలన్నీ మా అత్త నెత్తి మీదుగా, మనిషి పేరు లేకుండా నడిచాయి.

"అత్తా, కొంతమంది సంచులు మరీ బరువుగున్నాయి. ఇల్లంతా మోసుకొత్తన్నారేటో" అంది మరిడమ్మ.

"అత్తా, బరువు మొయ్యడం కొంతమందికి తెలీదు. ఊరికే వచ్చింది మొయ్యడవే తెలుసు."

"ఒల్లకోండే" అని కసిరింది మా అత్త. "నా సెవులకి కూడా టిక్కట్టు తియ్యండయితే."

రిసార్టు గేటు దగ్గర కాపలా అతను నా సంచిలో చెయ్యి పెట్టి సీసా బయటికి తీశాడు.

"బయటి నీళ్ళు, బయటి తిండి లోపలికి తేకూడదమ్మా."

"ఒట్టుంది బాబూ."

"ఒట్టున్నవాళ్ళకి వేరే రూలు రాయలేదమ్మా" అని టోకెను చేతిలో పెట్టాడు. నా వెనక మరిడమ్మ సంచి విప్పాడు. అందులోంచీ ఒక సీసా వచ్చింది. వాళ్ళ బోరు ఎండిపోయింది కాబట్టి పంచాయతీ కుళాయి నీళ్ళు. రెండు సీసాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"బాబూ, నాది దానికి దూరంగా ఎట్టు" అంది మరిడమ్మ.

అతను రెండు సీసాలనీ మార్చి మార్చి చూశాడు. "ఏం తల్లీ, కొట్టుకుంటాయా?"

మా అత్త నడుముకి చెక్కుకున్న మాడుగుల హల్వా పొట్లం మాత్రం అతనికి కనబడలేదు.

లోపల ఇంకో సంగతి తెలిసింది. చీరతో నీళ్ళలో దిగనివ్వరట. నైలాను బట్టలే కట్టుకోవాలట. కౌంటరు పిల్ల నీలంరంగు చొక్కా, ఫేంటు ఇచ్చింది, వాటి మీద పసుపు చేపలు. మరిడమ్మకీ అవే ఇచ్చింది.

"ఇందూ, నాకు ఆ రంగు ఒద్దు" అంది మరిడమ్మ.

"ఆ సైజులో అదే ఉందమ్మా."

బట్టలు మార్చుకునే గదిలోంచి ఇద్దరం ఒకేసారి బయటికి వచ్చాం. చిన్నబాబు చూసి, "వదినా, మీరిద్దరూ కవలపిల్లల్లాగున్నారు" అన్నాడు. ఇద్దరం ఒకేసారి అతని వైపు తిరిగి చూశాం. పదకొండేళ్ళలో మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అది. అతను గబగబా మా ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు.

లోపల ఎంత నీరో. గొట్టాల్లోంచి, రాళ్ళలోంచి, ప్లాస్టిక్ ఏనుగు తొండంలోంచి, కప్పులోంచి నీరే. బయట రోడ్డు మీద తారు కరిగిపోతుంటే ఇక్కడ పిల్లలు చలికి వణుకుతున్నారు. ఇంత నీరు ఏ బోరుది, దాన్ని ఏ తిథికి ఎవరికి వదులుతారు అని నాలో నేను అనుకున్నాను. ఒక స్తంభం మీద గది అంత బాల్చీ వేలాడుతోంది. అది నిండేదాకా పిల్లలు కింద కేకలు పెడతారు. నిండగానే బోర్లపడుతుంది. ఆ నీళ్ళు ధనామని నేల మీద పడి, పలకల మీదుగా పారి, జాలీ కన్నాల్లోకి పోతాయి.

అందరూ ముందుకు వెళ్ళిపోయారు. మరిడమ్మ ఆ బాల్చీ దగ్గరే ఆగిపోయింది. అది రెండుసార్లు బోర్లపడ్డం చూసింది. నీళ్ళు జాలీలోకి పోవడం చూసింది.

"ఇదొక్కటి ఒంపితే రెండు సాళ్ళు తడుత్తాయి" అంది. నాతో కాదు. ఎదురుగా ఉన్న ఇనప కమ్మీతో.

నాకు వినబడింది. అప్పుడు నేను ఒక్క మాట అనవలసింది. అనకుండా మా అత్త వైపు తిరిగి, "సూసేవా అత్తా, కొంతమందికి ఎక్కడికొచ్చినా పొలం గోలే" అన్నాను.

"పొలం తడిసినోళ్ళకి గోలెందుకుంటాది" అంది మరిడమ్మ. బాల్చీ మూడోసారి బోర్లపడింది.

అలల కొలను దగ్గర మా అత్తను రబ్బరు చక్రంలో కూర్చోబెట్టాం. ఆవిడ ఒక చేత్తో నా మణికట్టూ, ఇంకో చేత్తో మరిడమ్మ మణికట్టూ పట్టుకుంది. విడిపించుకుంటే చక్రం తిరగబడుతుంది. ఇద్దరం నడుం లోతు నీళ్ళలో, ఆవిడకి చెరో పక్కన, చెరో వైపు చూస్తూ నిలబడ్డాం. సైరన్ మోగింది. చివరి గోడలోంచి నీరు గుట్టలా లేచింది.

"ఒలమ్మోలమ్మో! బీచీ ఇంట్లోకొచ్చేసినాదే!" అని మా అత్త కేకలు వేసి నవ్వింది. నేను అరవడానికి నోరు తెరిచాను. అల సరిగ్గా నోట్లోకి కొట్టింది. గుటక పడిపోయింది. ఒకటి కాదు, రెండు.

దగ్గుతూ తల ఎత్తేసరికి మరిడమ్మ నన్నే చూస్తోంది.

"ఇందూ" అంది గట్టిగా. "మీ పెద్దమ్మ ఒట్టు తెగిపోయింది. నూకాలమ్మకి కబురెట్టు."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు, ఎందుకో తెలియకపోయినా. మా అత్త కూడా నవ్వింది. నాకు ఏడుపు వచ్చింది. ముఖమంతా తడిగా ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు మరి నీళ్ళు ముట్టలేదు. దాహానికి మజ్జిగ తాగాను. ఒట్టు నీళ్ళకే కదా అని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రమయ్యేసరికి నా కళ్ళు మండడం మొదలుపెట్టాయి. అద్దంలో చూసుకుంటే రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. రెండు కళ్ళూ పోవాలని కదా నేను అన్నది.

"క్లోరిన్ పెద్దమ్మా" అంది ఇందు. "నీళ్ళలో కలుపుతారు. చూడు, అమ్మ కళ్ళూ అలాగే ఉన్నాయి."

మరిడమ్మ కళ్ళు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. దాని ఒట్టు ఏమిటో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆడవాళ్ళం నలుగురం ఒక గదిలో, మగవాళ్ళిద్దరూ ఇంకో గదిలో పడుకున్నాం. పొద్దున మెలకువ వచ్చేసరికి ఎంతయిందో తెలియలేదు. దళసరి తెరలు, ఏసీ చప్పుడు. కోడి కూత లేదు, పాలవాడి హారను లేదు. మా అత్త కళ్ళు మూసుకునే అలవాటు చొప్పున అడిగింది.

"భవానీ, నేడేటి తిథే?"

"దశమి అత్తా" అన్నాను దిండు మీంచి తల ఎత్తకుండానే. నిన్న నవమి. అందుకని ఈరోజు దశమి.

మరిడమ్మ అద్దం ముందు జడ ముడుచుకుంటోంది. నా వైపు తిరగలేదు.

"ఇందూ, ఫోన్లో సూడు."

ఇందు ఒత్తిగిల్లి ఫోను వెలిగించింది. "నవమి. ఉదయం ఆరు ముప్పై ఆరు దాకా. నిన్నా నవమే, ఇవాళా నవమే."

ఇప్పుడు అంటుంది అనుకున్నాను. పదకొండేళ్ళుగా దాచుకున్నదంతా ఇప్పుడు నా మొహాన కొడుతుంది అనుకున్నాను. దుప్పటి గట్టిగా పట్టుకున్నాను. మరిడమ్మ పిన్ను పెట్టుకుంది. తువ్వాలు భుజాన వేసుకుంది. స్నానాల గది తలుపు తీస్తూ, "రెండు నవములన్నమాట" అంది. అంతే. లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది.

మా అత్త నడుం దగ్గర పొట్లం విప్పి, నలిగిపోయిన హల్వా ముక్క నా చేతిలో పెట్టింది.

గేటు దగ్గర టోకెన్లు ఇచ్చి సీసాలు తీసుకున్నాం. నీళ్ళు వేడెక్కిపోయాయి. ఇద్దరం చెరో పక్క తిరిగి తాగాం.

ఇంటికి రాగానే బల్ల లాగాను.

"ఏటే, దిగంగానే అటకెక్కుతున్నావు?" అన్నాడు మా ఆయన.

"ఒల్లకో. బల్ల ఊగకుండా పట్టుకో."

ఆ ఏటి చుట్టకి కట్టిన పురికొస చేత్తో ముట్టుకుంటేనే తెగిపోయింది. వెంకన్నబాబు బొమ్మకి దణ్ణం పెట్టి మే నెల పేజీ తీశాను. కళ్ళు ఇంకా మండుతున్నాయి, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కొంగుతో తుడుచుకుని చదివాను. ఒక గడిలో చవితి, పక్కన 'పూర్తి' అని ఉంది. దాని తరువాతి గడిలో మళ్ళీ చవితి, ఉదయం 6.04 వరకు. సూర్యోదయం 5.27.

"ఎవల్ది?" అన్నాడు మా ఆయన. దేని గురించి అని అడగలేదు.

"ఆళ్ళది."

అతను బల్ల వదిలేసి గుమ్మంలో కూర్చున్నాడు. "అయితే మనం దొంగలమేటే?" అన్నాడు.

"నువ్వు కాదు. నాను."

పూజ గదిలో దీపం పెట్టి కూర్చున్నాను. కళ్ళు పోవాలని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు తప్పాను. అయినా ఆ చిన్న అక్షరాలు చదవగలిగాను. నూకాలమ్మ నన్ను క్షమించిందా, లేక చదివేదాకా ఆగిందా? నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మరునాడు లేవగానే ముందు గోడ కేలండరు దగ్గరికి వెళ్ళి చూశాను. దశమి. సరి తిథి. పార భుజాన వేసుకుని, పాత కేలండరు చంకలో పెట్టుకుని చేనుకి వెళ్ళాను. ఆరింటికి కరెంటు రాగానే మోటారు వేశాను. రెండు చేలకీ మధ్య పాత పిల్లకాలువ గడ్డితో పూడిపోయి ఉంది. గడ్డి చెక్కి, గట్టుకి గండి కొట్టాను. నీరు ముందు ఆగింది. అటు వెళ్ళే దారి మరిచిపోయినట్టు కాసేపు తిరిగింది. తరువాత జారింది.

మరిడమ్మ గట్టు మీద పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఎవలు తెగ్గొట్టమన్నారు? మాకు ఎవల దయా అక్కర్లేదు. గండి మూసీ."

"దయ కాదు" అన్నాను. పదకొండేళ్ళ తరువాత దాని ముఖం చూసి మాట్లాడడం అదే. "నీ వంతు. ఆ సవితి నాటిది."

కేలండరు చాపాను. అది తీసుకోలేదు.

"నాకు సదువు రాదు కదా. నువ్వే సదువు."

"చవితి. ఉదయం ఆరు నాలుగు వరకు. సూర్యోదయం అయిదు ఇరవై ఏడు."

"మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాను. ఈసారి తల దించుకుని, నెమ్మదిగా.

"గట్టిగా సదువు. ఆ రోజు గట్టిగానే అరిసేవు కదా."

మూడోసారి గట్టిగా చదివాను. పక్క చేలో కలుపు తీస్తున్నవాళ్ళు నడుం ఎత్తి చూశారు. మరిడమ్మ తల ఊపింది. నా చేతిలో పార లాక్కుని తన చేలోకి దిగింది. ఒక సాలు నిండగానే మట్టి వేసి, ఇంకో సాలుకి తిప్పుతూ, మళ్ళీ నా వైపు చూడలేదు. కొరడాల్లా చుట్టుకున్న ఆకుల కింద ఎర్రమట్టి నల్లబడుతూ పోయింది. నేను గట్టు మీద తాటాకు నీడలో కూర్చున్నాను. పొమ్మనలేదు, ఉండమనలేదు.

ఇప్పుడు పగలు తొమ్మిది గంటల కరెంటు. మూడింటిదాకా ఉంటుంది. కానీ ఒంటిగంటకే మరిడమ్మ గండి దగ్గరికి వచ్చి మట్టి వెయ్యడం మొదలుపెట్టింది.

"ఇంకా రెండు గంటలుంది. చివరి సాళ్ళు తడవలేదు" అన్నాను.

"ఆ రోజుల్లో ఏడు గంటలే ఇచ్చేవోరు. నా వంతు ఏడు గంటలు. వచ్చేసింది." నాలుగు పారల మట్టి వేసి, కాలితో తొక్కి, గట్టు సరిచేసింది. పార నా ముందు పడేసింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"రేపు ఏటి తిథి?"

ఏకాదశి అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇంటికెళ్ళి సూసి సెప్తాను" అన్నాను.